పొగరాయి

వడ్ల రాజమౌళి థర్మల్ కేంద్రం గేటు దగ్గర పాసు కోసం గంటసేపు ఎండలో నిలబడి, ప్రయోగశాలకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. మే నెల పద్దెనిమిదో తారీఖు. చింతలవెల్లిలో ఆ ఏడు ఎండలు నలభై ఆరు డిగ్రీలు దాటాయి. డాక్టర్ స్వరూప అతన్ని చూడగానే లేచి కుర్చీ జరిపింది. ఇద్దరిదీ ఒకే ఊరు, దుబ్బపేట. పన్నెండేళ్ల కిందట బూడిద చెరువు కింద పోయిన ఊరు. వరసకు బాబాయి కాకపోయినా ఆమె అతన్ని కాకా అనే పిలుస్తుంది.

చెంబెడు నీళ్లు తాగి, తువ్వాలతో మెడ తుడుచుకుని, రాజమౌళి సూటిగా విషయానికి వచ్చాడు. ఊరివాళ్లకు కొత్తగా కట్టిచ్చిన కాలనీలో తలుపులు పడటం లేదు. శివరాత్రి నాటికి నాలుగిళ్లవాళ్లు పిలిస్తే చిత్రిక పట్టి సరిచేశాడు. ఉగాది దాటాక అవే నాలుగిళ్లవాళ్లు మళ్లీ పిలిచారు, ఇంకో తొమ్మిది ఇళ్లు తోడయ్యాయి. ఈ నెలలో ఇప్పటికే ముప్పై ఒకటి. ఒకే తలుపును మూడుసార్లు చెక్కితే ఇక చెక్కడానికి ఏం మిగులుతుందని అడిగాడు.

కట్టె ఉబ్బి ఉంటుందేమోనంది స్వరూప.

రాజమౌళి తల అడ్డంగా ఊపాడు. "ఎండకాలంల కట్టె ఎండుతది గని ఉబ్బుతదా బిడ్డా? నలభై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. తలుపు ఎట్లున్నది అట్లనే ఉన్నది. దర్వాజనే దగ్గరికొచ్చింది."

అతను చంకలోని సంచిలోంచి సన్నటి టేకు బద్ద ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. కార్తీకంలో దర్వాజలు, అంటే తలుపు చట్రాలు, నిలబెట్టినప్పుడు లోపలి వెడల్పుకు సరిగ్గా కోసిపెట్టుకున్న కొలత అది. నూట నలభై ఇళ్లకూ అదే కొలత. ఇప్పుడు ముప్పై ఒక్క ఇళ్లలో ఆ బద్ద దర్వాజలో పట్టడం లేదు. కొన్నిచోట్ల నూలు మందం తక్కువ, కొన్నిచోట్ల చిటికెన వేలంత.

ఆ ముప్పై ఒక్క ఇళ్లలో ప్రత్యేకంగా ఏమున్నదో ఎప్పుడైనా గమనించావా అని స్వరూప అడిగింది. గొంతు మామూలుగానే ఉంచాలని ప్రయత్నించింది.

"కూలర్లున్న ఇండ్లు" అన్నాడు. "కూలర్లు పెట్టినోళ్లయే ముందుగాల మొదలైనయి."

కూలరంటే రోజంతా ఇంట్లోకి తడిగాలి.

ఆ గోడలు ఆమె కనిపెట్టిన రాయితో కట్టినవి. థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చిన పొగను గొట్టంలోకి వదిలేముందు సున్నపురాయి కలిపిన నీళ్లతో కడుగుతారు. పొగలోని గంధకం సున్నంతో కలిసి జిప్సంగా మారి అడుగుకు దిగుతుంది. గాలి శుభ్రమవుతుంది గానీ రోజుకు వందల టన్నుల జిప్సం బురద మిగులుతుంది. చింతలవెల్లి బురదలో మలినాలు ఎక్కువని సిమెంటు కంపెనీలు తీసుకోలేదు. బూడిద ఒకవైపు, జిప్సం ఒకవైపు గుట్టలుగా పెరిగాయి. ఏడేళ్ల కిందట జిప్సం బురద పొరపాటున బూడిద చెరువులోకి కారిన చోట స్వరూప కాలికి ఒక పెచ్చు తగిలింది. సుత్తితో కొట్టినా పగల్లేదు. దాన్ని తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల ఒక జీవి కనిపించింది. అది బూడిదనూ జిప్సాన్నీ నీటినీ కలిపి సూదుల్లాంటి స్ఫటికాలు అల్లుతోంది. బట్టీ అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. అచ్చులో పోసి ఏడు రోజులు తడిపితే రాయి. ఆ తర్వాత ఎండబెడితే జీవి చచ్చిపోతుంది, రాయి మిగులుతుంది. అలా అని ఆమె నమ్మింది, అలా అనే రాసింది. నూట ఎనభై రోజులు పొడి గదిలో పెట్టి కొలిస్తే ఒక్క వెంట్రుకవాసి తేడా రాలేదు.

జనం దానికి పొగరాయి అని పేరు పెట్టారు. దుబ్బపేట వాళ్లకు పొగరాయితో కట్టిన ఇళ్లు ఇచ్చారు. ఇంకో ఆరు వందల ఇళ్లకు మే ఇరవై ఏడున కమిటీ అనుమతి ఇవ్వబోతోంది.

రాజమౌళి వెళ్లాక స్వరూప ఆరు పొగరాళ్లను తేమ గదిలో పెట్టింది. లోపల ఆషాఢం వాతావరణం ఉండేట్టు మీట తిప్పింది. ఒక్కో రాయికీ కొలత పరికరం బిగించి, తలుపు మూసింది.

మర్నాడు సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్లింది. తిరుపతి బూడిద ట్యాంకరు నడుపుతాడు. ఆ వేళకు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. మరదలు మంజుల టీ పెట్టి, కూలరు తనవైపు తిప్పబోతే స్వరూప వద్దంది. మంజుల ఆ ఇంటిని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది. ఊరు పోయాక పదకొండేళ్లు రేకుల షెడ్డులో బతికిన మనిషి. ఆ షెడ్లకు మరుగుదొడ్లు ఉండేవి కావు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఓర్చుకుని పొదల్లోకి నడిచేవాళ్లు. అందుకని ఈ ఇంట్లో మంజులకు ముందుగదికన్నా బాత్రూం ఎక్కువ ఇష్టం. రోజూ రెండుపూటలా కడుగుతుంది. గోడలకు తనే లేత నీలం రంగు వేసుకుంది. పలకల సందుల్లో మురికి లేకుండా పాత బ్రష్షుతో తోముతుంది.

స్వరూప చేతులు కడుక్కుంటానని నడవలోంచి బాత్రూంలోకి వెళ్లింది. తలుపు భుజంతో నెడితేగానీ పడలేదు. లోపల సంచిలోంచి స్టీలు టేపు తీసి గోడ నుంచి గోడకు కొలిచింది. ప్లాను ప్రకారం ఉండాల్సిన దానికి పదకొండు మిల్లీమీటర్లు తక్కువ. మళ్లీ కొలిచింది. పన్నెండు వచ్చింది. పక్క గోడలూ కాంక్రీటు స్తంభాలూ అడ్డుపడి పక్కలకు జరగలేని గోడ ఖాళీ ఉన్నవైపుకే ఉబుకుతోంది. బాత్రూంలోకీ, దర్వాజల్లోకీ.

ఆమె బయటికి వచ్చేసరికి మంజుల నవ్వుతోంది. ఆ తలుపుకు కొంచెం పొగరెక్కువనీ, రెండు దెబ్బలు వేస్తేనే మాట వింటుందనీ అంది. స్వరూప కూడా నవ్వింది. తను నవ్వగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఐదు రోజులకు, మే ఇరవై మూడున, తేమ గది తెరిచింది. అడుగు పొడవున్న రాయి మూడు మిల్లీమీటర్లు పెరిగింది. ఆరింటికి ఆరూ పెరిగాయి. ఒకదాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పాత స్ఫటికాల సందుల్లో కొత్త సూదులు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి మధ్య చిన్నచిన్న చుక్కలు పగిలి తెరుచుకుంటున్నాయి. జీవి చావలేదు. ఎండినప్పుడు గింజలా ముడుచుకుని నిద్రపోయింది. తడి తగలగానే లేచి మళ్లీ అల్లిక మొదలుపెట్టింది. గోడలో గంధకం ఉన్నంతకాలం, బూడిద ఉన్నంతకాలం దానికి తిండికి లోటు లేదు.

చంపడం కష్టం కాదు. స్వరూప ఒక రాయిని ఎనభై డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచింది. తీసి బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కితే సుద్దముక్కలా పొడి అయిపోయింది. ఆ వేడికి జీవి చచ్చింది, సూదుల్లోని నీరు పోయింది, గోడను నిలబెట్టేది ఏదీ మిగల్లేదు. బతికి ఉంటే గోడ పెరుగుతుంది. చస్తే గోడ కూలుతుంది. ఆమె చేతికంటిన తెల్లటి పొడిని చూస్తూ చాలాసేపు కూర్చుంది. నూట నలభై ఇళ్లు. ఐదు వందల చిల్లర మనుషులు. వాళ్లలో సగం మందిని పేరుపెట్టి పిలవగలదు.

చీఫ్ ఇంజనీరు శేషగిరిరావు ఆమె చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు. బందరు వైపు మనిషి, ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఫొటోలు చూశాడు, కొలతలు చూశాడు. అసలు ఇళ్లలో వేగం ఇంతే ఉంటుందా అని అడిగాడు. ఎండాకాలం కాబట్టి ఇంకా అంత లేదనీ, వానలు పడితే ఏమవుతుందో తనకు తెలియదనీ స్వరూప చెప్పింది. వానలు ఎప్పుడని అడిగితే జూన్ రెండో వారం అంది.

ఆయన కిటికీలోంచి జిప్సం గుట్ట వైపు చూస్తూ మాట్లాడాడు. ఇంకా ఆరు వందల కుటుంబాలు రేకుల కింద ఉన్నాయి. ఈ రాయి పెరుగుతుందనే మాట ఒక్కసారి బయటికి పొక్కితే ఆ వ్యర్థాన్ని ఇక జన్మలో ఎవరూ ముట్టరు. గుట్ట అలాగే ఉంటుంది, దాని దుమ్మూ అలాగే ఉంటుంది. గోడలకు తడి తగలకుండా పూత ఏదైనా దొరుకుతుందేమో చూడకూడదా అన్నాడు.

ఆయన ఆమెను నోరు మూసుకోమనలేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా స్వరూపకు ఆ సంగతి స్పష్టంగానే గుర్తుంది. ఆ మాట అన్నది తనే.

"పది రోజులు టైమివ్వండి సార్. పూత దొరికితే ఎవర్నీ భయపెట్టకుండా సరిచేయొచ్చు. అందాకా ఎవరికీ చెప్పను."

శేషగిరిరావు వెంటనే తలూపాడు. ఆయన ముఖంలో కనిపించిన తేలికదనం చూసి ఆమెకు భయమేసింది. ఇరవై ఏడున కమిటీ కూర్చుంది, ఆరు వందల ఇళ్లకు అనుమతి వచ్చింది. చప్పట్ల మధ్య స్వరూపకు శాలువా కప్పారు.

ఆ పది రోజులూ ఆమె ఏం తిన్నదో, ఎప్పుడు పడుకున్నదో ఆమెకే తెలియదు. ఐదు రకాల పూతలు వేసి చూసింది. తారు, రబ్బరు, మైనం, రెండు రకాల ప్లాస్టిక్ రంగులు. బయటి నుంచి ఆపితే తడి లోపలి నుంచి వచ్చింది. అన్నం వండిన ఆవిరి, ఆరేసిన బట్టలు, మనుషుల ఊపిరి, పునాదిలోంచి పైకి పాకే చెమ్మ. రాయికి దారి ఎప్పుడూ దొరుకుతూనే ఉంది. ఫోను తీసినప్పుడల్లా ముందు వాతావరణం చూసేది. కేరళను రుతుపవనాలు నాలుగు రోజులు ముందే తాకాయి. ఆ వార్త చదివి జనం ఎండలు తగ్గుతాయని సంతోషపడ్డారు.

జూన్ రెండున ఆమె మళ్లీ తమ్ముడి ఇంటికి వెళ్లింది. వానలకు ముందు గోడలకు మందు కొట్టాలని, ఘాటు వాసన వస్తుందని, ఇద్దరూ పదిహేను రోజులు తన క్వార్టర్‌కు వచ్చి ఉండమని అడిగింది. తిరుపతి అక్క మాటకు ఎప్పుడూ ఎదురుచెప్పడు. ఎప్పుడు రావాలని మాత్రం అడిగాడు. మంజుల ఒప్పుకోలేదు. అందరి ఇళ్లకూ కొడతారా, ముందు మా ఒక్క ఇంటికేనా అంది. తమ ఇంటికే ముందు అని స్వరూప చెప్పింది. అలా ఎందుకని మంజుల అడిగింది. స్వరూప లేచి సంచి అందుకుంది.

మంజుల చేస్తున్న పని ఆపి దగ్గరికి వచ్చింది. "ఏమన్న అయ్యిందా వదినె? నాతోని చెప్పు. ఇంటికేమన్న అయ్యిందా?"

"ఏం కాలేదు" అంది స్వరూప.

"ఏం కాకపోతే ఇల్లిడిసి ఎందుకొస్త? పదకొండేండ్లు ఎదురుచూసిన దీనికోసం."

ఆమె మళ్లీ పనిలో పడింది. స్వరూప గుమ్మం దాటి వచ్చేసింది. స్కూటర్ స్టార్ట్ చేయకుండా దాని మీద కూర్చుని, వెనక్కి వెళ్లి నిజం చెబుదామా అనుకుంది. మంజులకు చెబితే రాజమౌళికి చెప్పాలి. రాజమౌళికి చెబితే కాలనీ అంతటికీ తెలుస్తుంది. ఆ ఉదయమే వేసిన ఆరో పూత మర్నాటికి ఆరుతుంది. ఒక్క రోజే కదా అనుకుంది.

ఆరో పూత కూడా పనిచేయలేదు. పది రోజుల గడువు దాటింది. శేషగిరిరావు ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. జూన్ ఆరున బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. ఆ మధ్యాహ్నం మొదలైన వాన రెండు రోజులు ఆగలేదు.

జూన్ ఎనిమిది ఉదయం పదిన్నరకు తిరుపతి ఫోన్ చేశాడు. అతని మాట సరిగా రావడం లేదు. మంజుల బాత్రూంలో ఉండగా నడవ కప్పు ఒక మూల కుంగి తలుపుకు అడ్డంగా దిగిందనీ, మనిషి లోపలే ఉందనీ, బతికే ఉందనీ, మాట్లాడుతోందనీ చెప్పాడు. స్వరూప గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

కాలనీ వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. దారి పొడవునా ఇళ్లలోంచి శనగలు వేగుతున్నట్టు చిటపటమని సన్నటి శబ్దం వస్తోంది. గోడలు బిగుసుకుంటున్న శబ్దం. జనం వరండాల్లో నిలబడి ఆ చప్పుడు ఏమిటని ఒకరినొకరు అడుగుతున్నారు.

తిరుపతి ఇంటి వెనక సందులో పదిమంది పోగయ్యారు. నడవలోంచి వెళ్లే దారి లేదు. కుంగిన కప్పును కదిలిస్తే మిగతాది మీద పడుతుంది. బాత్రూంకు వెనక ఉన్నది ఒక్క బయటి గోడ, పైన చెయ్యి పట్టేంత గాలిరంధ్రం. అందులోంచి మంజుల వేళ్లు కనిపిస్తున్నాయి. ఇద్దరు మనుషులు గడ్డపారలతో గోడను పొడుస్తున్నారు. గడ్డపార ఎగిరి వెనక్కి వస్తోంది. సమ్మెటతో కొడితే నిప్పురవ్వలు లేచాయి తప్ప పెచ్చు కూడా రాలేదు. రెండు రోజుల వానకు గోడ కొండరాయిలా తయారైంది. దాని బలం గురించి స్వరూప ఎన్నో సభల్లో గర్వంగా చెప్పింది.

"వదినె వచ్చిందా?" లోపలి నుంచి మంజుల అడిగింది. గొంతు నిబ్బరంగానే ఉంది. "పైన స్లాబు పగులుతున్నది వదినె. మట్టి రాలుతున్నది."

స్వరూపకు ఓవెన్ గుర్తొచ్చింది. కాలనీ చివర యాకూబ్‌ది వెల్డింగ్ షాపు. గ్యాసు కట్టర్ తెప్పించమంది. రాజమౌళి అప్పటికే వచ్చి గోడను తడుముతున్నాడు. అతనికి తక్కువ మాటల్లో చెప్పింది. వేడి పెడితే గోడ పొడి అవుతుంది. కానీ ఆ గోడ మీదే స్లాబు నిలబడి ఉంది. రాజమౌళి ఇద్దరు కుర్రాళ్లను పిలిచాడు. తన ఇంటికి పరుగెత్తించి రెండు టేకు దూలాలు తెప్పించి, గోడ దాటి బయటికి వచ్చిన స్లాబు అంచు కింద ఇరువైపులా ఆనించాడు. కింద బురద, రాళ్లు వేసి తొక్కించాడు. ఎనిమిది మంది టార్పాలిన్ పట్టుకుని గోడ మీద వాన పడకుండా నిలబడ్డారు. తడిబట్ట ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు వైపు మూలకు పొమ్మని స్వరూప గాలిరంధ్రంలోకి అరిచి చెప్పింది.

యాకూబ్ గోడ అడుగున, మనిషి పాకి రాగలిగినంత మేర, గుండ్రంగా మంట తిప్పడం మొదలుపెట్టాడు. నీలం మంట తగిలిన చోట గోడ ముందు నల్లబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత ఉస్సుమని ఆవిరి చిమ్మింది. పావుగంటకు తిరుపతి గడ్డపారతో పొడిస్తే సగం లోపలికి దిగింది. ఆ పైన పిండిలా రాలడం మొదలైంది. తిరుపతి చేతులు కాలుతున్నా తోడేశాడు. కన్నం పడింది. మంజుల తల కనిపించింది, తర్వాత భుజాలు. తిరుపతీ స్వరూపా చెరో చెయ్యి పట్టి లాగారు.

అప్పుడు ఎడమవైపు దూలం బురదలో జారింది. రాజమౌళి దాన్ని భుజంతో ఆపబోయాడు గానీ ఆగలేదు. స్లాబు మూల విరిగి కిందికి వచ్చింది. మంజుల శరీరమంతా బయటికి వచ్చేసింది, కుడి పాదం తప్ప.

స్లాబు ముక్కను గడ్డపారలతో లేపి, ఆమెను ఆటోలో ఎక్కించి తిరుపతి వెంట పంపాక స్వరూప వీధి మధ్యలో నిలబడింది. బట్టలకు నెత్తురు, చేతులకు తెల్లటి పొడి. చుట్టూ అందరూ ఆమెనే చూస్తున్నారు. అప్పుడు చెప్పింది. గోడలు పెరుగుతున్నాయి, వాన ఆగేదాకా పెరుగుతూనే ఉంటాయి, ఇల్లు సర్దుకోవద్దు, ఉన్నపళంగా నడవండి. ముసలివాళ్లను ఎత్తుకుని, పిల్లల నెత్తిన గోనెలు కప్పి, నూట నలభై కుటుంబాలూ వానలో కేంద్రం క్యాంటీన్ హాలుకు నడిచాయి. సాయంత్రానికి పదకొండు ఇళ్ల కప్పులు కూలాయి. వాటి కింద ఎవరూ లేరు.

డాక్టర్లు మంజుల పాదాన్ని కాపాడలేకపోయారు. చీలమండ పైనుంచి తీసేశారు.

మూడు వారాల తర్వాత జిల్లా కేంద్రంలో విచారణ జరిగింది. దానికి ముందురోజు శేషగిరిరావు స్వరూప క్వార్టర్‌కు వచ్చి కాసేపు కూర్చున్నాడు. ఆయన బాగా చిక్కిపోయాడు. తేమ గది ఫలితాలు జూన్ ఎనిమిదినే తేలాయని చెబితే ఇద్దరికీ మంచిదనీ, ఆ రికార్డు చూసింది తామిద్దరే కదా అనీ అన్నాడు. ఆ రోజంతా ఆ మాట ఆమెను పట్టుకుని వదల్లేదు. అబద్ధం చెబితే ఉద్యోగం నిలుస్తుంది, ప్రయోగశాల నిలుస్తుంది, తప్పును సరిదిద్దే అవకాశమూ నిలుస్తుంది. అన్నీ నిజమే.

విచారణ గదిలో వెనక బెంచీ మీద తిరుపతి, రాజమౌళి కూర్చున్నారు. గోడలు పెరుగుతున్నట్టు మీకు మొదట ఏ రోజున తెలిసిందని అధికారి అడిగాడు.

"మే ఇరవై మూడు" అంది స్వరూప.

అధికారి రాసుకోవడం ఆపి తలెత్తాడు. అంటే ప్రమాదానికి పదహారు రోజుల ముందా అని అడిగాడు. అవునంది. ఇంకెవరికైనా తెలుసా అంటే చీఫ్ ఇంజనీరుకు చెప్పాననీ, గడువు అడిగింది మాత్రం తనేననీ చెప్పింది. వెనక బెంచీ కిర్రుమంది. తిరుపతి లేచి బయటికి వెళ్లిపోయాడు. విచారణ అయ్యాక వరండాలో అతను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్లింది. అతను ఆమెను చూడకుండానే అన్నాడు.

"ఆ రోజు ఇంటికొచ్చినవ్ గదక్కా. మందు కొట్టాలన్నవ్. నిజం చెప్పుంటే మంజుల నీకంటే ముందే ఇల్లిడిసి నడిచేది."

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడలేదు.

ఉద్యోగం పోయింది. ఆరు వందల ఇళ్ల అనుమతి రద్దయింది. కాలనీని కూల్చడానికి ఆరు నెలలు పట్టింది. ఒక్కో గోడకూ వేడి పెట్టి పొడిచేసి, ఆ పొడిని లారీల్లో తీసుకెళ్లి జిప్సం గుట్ట మీదే పోశారు. గుట్ట ఇంకాస్త ఎత్తయింది. దుబ్బపేట వాళ్లు మళ్లీ రేకుల షెడ్ల కిందికి వచ్చారు. ఈసారి మరుగుదొడ్లు కట్టించారు, అదొక్కటే తేడా.

స్వరూప ఊరు విడిచి వెళ్లలేదు. వరంగల్‌లో తనకు చదువు చెప్పిన ఒక ప్రొఫెసరు తన ప్రయోగశాల వాడుకోనిచ్చాడు, ఆమె బస్సులో వెళ్లివచ్చేది. తప్పెక్కడుందో ఆమెకు తెలుసు. జీవి పనంతా ముగించి నిద్రపోయేదాకా ఆగకూడదు. సగం అల్లికలో ఉండగానే ఆవిరి పట్టి చంపేయాలి. ఆ తర్వాత మిగతా బలం జీవి మీద ఆధారపడకుండా సున్నంతో రావాలి. చంపిన రాళ్లను నెలల తరబడి నీళ్లలో నానబెట్టింది. పెరగలేదు, పొడి కాలేదు. అయినా ఆమెకు తన కొలతల మీద నమ్మకం కుదరలేదు. ఫిబ్రవరిలో షెడ్లకు ఫర్లాంగు దూరంలో ఆ రాయితో ఒక్క గది కట్టించింది. రాజమౌళి వచ్చి దర్వాజ నిలబెట్టాడు, కూలి తీసుకున్నాడు, ఎక్కువ మాట్లాడలేదు. ఆమె ఆ గదిలోనే కాపురం పెట్టింది. గోడలకు రంగు వేయలేదు. రోజూ పొద్దున్నే నాలుగు గోడలకూ బిగించిన పరికరాలు చదివి రాసుకునేది.

మే చివర్లో ఒక సాయంత్రం గది ముందు ఆటో ఆగింది. మంజుల దిగింది. కుడికాలికి కృత్రిమ పాదం, చేతిలో కర్ర. ఇద్దరూ ఎదురుపడి ఏడాది కావస్తోంది. ఆసుపత్రిలో చూడటానికి వెళ్లిన రోజు మంజుల ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత స్వరూపకు వెళ్లే ధైర్యం రాలేదు.

మంజుల లోపలికి రాలేదు. గోడను బయటి నుంచి చేత్తో తడిమింది. కర్ర మొనతో రెండుసార్లు పొడిచింది. స్వరూప కుర్చీ తెచ్చి నీడలో వేస్తే కూర్చుంది.

"మళ్ల అదే రాయా?"

అదే వ్యర్థమనీ, రాయి మాత్రం వేరనీ స్వరూప చెప్పింది. జీవిని ముందే చంపిన సంగతి, నీళ్లలో నానబెట్టిన సంగతి వివరించబోయింది. మంజుల చెయ్యెత్తి ఆపింది.

"అది నాకు తెల్వదు. ఎన్ని రోజులైంది నువ్వు ఇండ్ల ఉండబట్టి?"

"మూడున్నర నెలలు."

"వానకాలం చూసిందా?"

"ఇంకా లేదు."

"అయితే ఏం చూసినట్టు?" అంది మంజుల. గుట్ట వైపు చూసింది. షెడ్లలో పిల్లలు దగ్గుతున్నారని, గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్మంతా అన్నంలో పడుతోందని చెప్పింది. ఆ గుట్ట పోవాలంటే ఎవరో ఒకరు దాంతో ఏదో ఒకటి చేయాల్సిందేనని తనకూ తెలుసంది. తర్వాత కర్ర ఆనించి లేచింది. స్వరూప పట్టుకోబోతే వద్దంది.

"మూడు వానకాలాలు ఉండు దీంట్ల. ఆ తర్వాత మావోళ్లను అడుగు. ఇంకో మాట. నీకు ఎప్పుడు తెలిస్తే నాకు అప్పుడే తెల్వాలె. పెద్దదైనా చిన్నదైనా. మంచిదైనా చెడ్డదైనా. నువ్వు ఆలోచించుకునుడు తర్వాత."

స్వరూప సరేనంది. మంజుల ఫోన్ నంబరు మారింది. కొత్తది చెప్పి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి స్వరూప రోజూ నాలుగు గోడల కొలతలూ ఆమెకు పంపింది. జవాబు వచ్చేది కాదు. చూసినట్టు మాత్రం ఫోనులో కనిపించేది. జూన్ పదకొండున వాన మొదలైంది. మొదటి రోజు తేడా లేదు. రెండో రోజు లేదు. మూడో రోజు పొద్దున పడమటి గోడ పరికరం దగ్గరికి వెళ్లేసరికి ముల్లు నిన్నటి చోట లేదు. మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు జరిగింది. ఆ మాత్రం తేడా తడికి ఏ ఇటుకైనా చూపిస్తుంది. వాన ఆగితే వెనక్కి రావచ్చు. లేదా అది మొదలు కావచ్చు. రేపు ఇంకోసారి చూస్తే తెలుస్తుంది.

ఆమె రేపటిదాకా ఆగలేదు. పుస్తకంలో రాయకముందే ఫోన్ చేసింది. రెండో రింగుకే మంజుల ఎత్తింది. పడమటి గోడ కదిలిందనీ, ఎంత కదిలిందీ, ఎందుకో తనకింకా తెలియదనీ స్వరూప చెప్పింది. అవతల రేకుల మీద వాన చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు లోపలున్నవా, బయటున్నవా?"

"లోపల."

"ముందుగాల బయటికి నడువు వదినె. నేను ఫోన్ పెట్టను. బయటికొచ్చినంక మిగతాది చెప్పు."

స్వరూప ఫోన్ చెవికి ఆనించుకునే తలుపు తీసి వానలోకి నడిచింది.